గురుగ్రామ్ నుంచి విశాఖపట్నానికి కాపురం మార్పు: ఒకరి ఉద్యోగం పరవాడలో, మరొకరిది రుషికొండలో – ఇల్లు ఎక్కడ చూసుకోవాలి?

వలసపిట్ట (మార్చి)

అందరికీ నమస్కారం. పెళ్లైన నాటి నుంచి మేము గురుగ్రామ్‌లోనే ఉంటున్నాం. మాది అనంతపురం, మావారిది కర్నూలు దగ్గర పల్లె. విశాఖపట్నం మా ఇద్దరికీ సింహాచలం అప్పన్న దర్శనానికి వచ్చి వెళ్లిన ఊరే తప్ప అంతకుమించి తెలియదు. ఇప్పుడు మావారికి పరవాడ ఫార్మాసిటీలో ఉద్యోగం వచ్చింది. జూన్ మొదట్లో చేరాలి. నేను పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ సంస్థ కూడా నన్ను రుషికొండ ఐటీ కొండ మీద ఉన్న తన కార్యాలయానికి మార్చడానికి ఒప్పుకుంది. వారంలో మూడు రోజులు తప్పనిసరిగా వెళ్లాలి, మిగిలిన రెండు రోజులు ఇంటి నుంచే పని. బాబుకు ఐదేళ్లు నిండాయి, పాపకు ఏడాదిన్నర. మా అత్తగారు మొదటి రెండు మూడు నెలలు మాతో ఉంటారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు.

ఇల్లు పరవాడ వైపు చూసుకోవాలా, రుషికొండ వైపా, లేక రెండింటికీ నడుమనా అన్నది మా మొదటి చిక్కు. సామాను తరలింపు, బండ్ల రిజిస్ట్రేషన్, పిల్లల బడి, టీకాలు, వీటి గురించి అనుభవం ఉన్నవారు చెబితే మేలు చేసినవారవుతారు. సముద్రం కనిపించే ఇల్లు కావాలని మావారి కోరిక. అది కూడా రాయకపోతే ఇంట్లో ఊరుకోరు.

ఎంవీపీ పాతకాపు

అమ్మా, ఊరి ఆకారం ముందు తెలిస్తే ఇల్లు వెతకడం తేలికవుతుంది. విశాఖ గుండ్రంగా పెరిగిన ఊరు కాదు. ఒక పక్క సముద్రం, మరో పక్క సింహాచలం, కంబాలకొండ వరుస, దక్షిణాన డాల్ఫిన్ నోస్, యారాడ కొండ. వీటి నడుమ చోటు దొరికినంత మేర ఇళ్లు కట్టుకుంటూ ఊరు జాతీయ రహదారి వెంట పొడుగ్గా సాగిపోయింది. ఆ పొడుగుకు ఒక కొసన పరవాడ, రెండో కొసన రుషికొండ. పరవాడ 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో చేరింది కూడా. రెండింటి మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. దారిలో కూర్మన్నపాలెం, గాజువాక, ఎన్ఏడీ కొత్తరోడ్డు, తాటిచెట్లపాలెం, మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ వరుసగా తగులుతాయి. 2020లో పైవంతెన తెరిచాక ఎన్ఏడీ దగ్గర ఊపిరి ఆడుతోంది గాని, గాజువాక దగ్గర సాయంత్రం పూట ఇప్పటికీ ఓర్పు కావలసిందే. పోర్టు లారీలు, ఉక్కు కర్మాగారం షిఫ్టు బస్సులు, సంతకు వచ్చిన జనం అన్నీ ఒకే రోడ్డు మీదికి వస్తాయి.

ఇల్లు కొనే ఆలోచన ఉంటే కనీసం ఒక ఏడాది పక్కన పెట్టండి. ముందు అద్దెకుండి రెండు కాలాలూ చూడండి. ఎండాకాలపు ఉక్కపోతను, అక్టోబరు తుఫాన్లను చూడకుండా ఇక్కడ ఇల్లు ఎంచుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

మధురవాడ అమ్మ

వలసపిట్ట గారూ, నేను పుణె నుంచి వచ్చి మధురవాడలో స్థిరపడ్డాను, నాదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. నిస్సంకోచంగా పీఎం పాలెం, మధురవాడ, కొమ్మాది వైపు రండి. లిఫ్టు ఉన్న కొత్త అపార్ట్‌మెంట్లు ఈ వైపే ఎక్కువ, ఐటీ కొండ దగ్గర, పిల్లల బడులు, క్రెష్‌లు చేతికందే దూరంలో ఉన్నాయి. మా బ్లాకులో సగం మంది బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవారే కాబట్టి మీ బాబుకు హిందీ మాట్లాడే తోడు దొరుకుతుంది.

మీవారు రోజూ పరవాడకు వెళ్లడం కష్టమే. అయితే ఆనందపురం, పెందుర్తి మీదుగా అనకాపల్లికి పోయే ఆరు వరుసల రహదారి వచ్చింది. సొంత కారు ఉంటే సబ్బవరం దాకా ఆ దారిన వెళ్లి పరవాడకు దిగవచ్చు. చుట్టు ఎక్కువ, నిలిచిపోవడం తక్కువ. మా పై అంతస్తులో ఉండే ఒకాయన అలాగే వెళ్లి వస్తున్నారు. నాలుగు గంటలకు లేస్తారనుకోండి, అది వేరే విషయం.

కూర్మన్నపాలెం విశ్రాంత ఉద్యోగి

పై సలహాతో నేను ఏకీభవించలేను. షిఫ్టు ఉద్యోగం చేసే మనిషిని రోజుకు 80 కిలోమీటర్లు తిప్పడం ఏమి న్యాయం? ఫార్మా ఉద్యోగంలో రాత్రి షిఫ్టు ఉంటుంది. షిఫ్టు దిగి నిద్రకళ్లతో జాతీయ రహదారి మీద కారు నడిపించే ఏర్పాటును నేను సమర్థించను. ముప్పై ఏళ్లకు పైగా షిఫ్టులు చేసినవాడిగా చెబుతున్నాను. అమ్మాయికి ఆఫీసు వారానికి మూడు రోజులే. కూర్మన్నపాలెం, వడ్లపూడి, దువ్వాడ వైపు అదే డబ్బుకు ఇంకొక గది ఎక్కువ ఉన్న ఇల్లు దొరుకుతుంది. ఉక్కునగరం చెట్ల నీడ, దువ్వాడ రైల్వే స్టేషను పక్కనే. విశాఖ స్టేషనులోకి వెళ్లిన బండి ఇంజిను మార్చుకుని వెనక్కి రావలసి ఉంటుంది గనుక కొన్ని దూరపు రైళ్లు ఊళ్లోకి వెళ్లకుండా దువ్వాడలోనే ఆగి వెళ్లిపోతాయి. రాయలసీమ ప్రయాణాలకు అది మీకు పనికొస్తుంది.

మధురవాడ అమ్మ

బాబాయి గారూ, మీరు చెప్పిన నిద్ర సంగతి నిజమే, కాదనను. కానీ ఇద్దరు చిన్న పిల్లలున్న ఇంట్లో దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా మరో విధంగా కొలవాలి. పదకొండు గంటలకు క్రెష్ నుంచి ఫోన్ వస్తుంది: పాపకు జ్వరం, వచ్చి తీసుకెళ్లండి. అప్పుడు ఎవరు కదలగలరు? ఫ్యాక్టరీ లోపల ప్లాంటులో ఉన్న మనిషి ఫోనే బయట లాకరులో ఉంటుంది. కదలగలిగేది తల్లే. ఆ తల్లి ఆఫీసు 40 కిలోమీటర్ల అవతల ఉంటే ఆ రెండు గంటలూ పాప ఎవరి ఒడిలో ఉండాలి? ఇది న్యాయమా అని అడిగితే న్యాయం కాదు. తండ్రులకూ అలాంటి ఫోన్లు రావాలి. కానీ ఇల్లు వెతికేది జూన్‌లోపు కదా, సమాజం మారేదాకా ఆగలేరు.

కూర్మన్నపాలెం విశ్రాంత ఉద్యోగి

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదమ్మా. కంపెనీ బస్సు ఉందో లేదో, ఉంటే ఎక్కడి వరకు వస్తుందో ముందు కనుక్కోమనండి. ఇల్లు ఎక్కడ అన్నది దానితోనే తేలుతుంది.

వలసపిట్ట

కనుక్కున్నాం. బస్సు ఉంది, ఊళ్లో హనుమంతవాక కూడలి దాకా వస్తుందట, అక్కడి నుంచే తిరిగి వెళుతుందట. మావారిది మొదటి ఏడాది జనరల్ షిఫ్టే. బస్సులో కూర్చుని నిద్రపోవచ్చు కాబట్టి దూరం తనకు బరువు కాదని ఆయన అంటున్నారు. ఆయన గురుగ్రామ్ మెట్రోలో నిలబడి నిద్రపోయిన మనిషి, ఆ మాట నమ్ముతాను.

ఎంవీపీ పాతకాపు

అయితే ఇంక మీ వెతుకులాట చాలా చిన్నదైపోయింది. మద్దిలపాలెం నుంచి హనుమంతవాక వరకు, రహదారికి ఇటూ అటూ చూడండి: ఇసుకతోట, వెంకోజీపాలెం, ఎంవీపీ కాలనీ, విశాలాక్షినగర్, ఆదర్శనగర్. ఇక్కడి నుంచి మీ కొండకు దూరం తక్కువ. బీచ్ రోడ్డున భీమిలి వైపు వెళ్లే 900కె బస్సు రుషికొండ మీదుగా పోతుంది. మీవారికి ఎప్పుడైనా కంపెనీ బస్సు తప్పిపోతే మద్దిలపాలెం నుంచి కూర్మన్నపాలెం దాకా 400కె ఎక్కవచ్చు. ఎంవీపీ రైతుబజారు ఉదయం పూట కూరగాయలకు మంచి చోటు. అద్దె మధురవాడ కన్నా ఎక్కువ, ఇళ్లు పాతవి. మూడంతస్తుల పాత అపార్ట్‌మెంట్లలో చాలా వాటికి లిఫ్టు ఉండదు. అత్తగారి మోకాళ్ల సంగతి మరచిపోకండి.

అడ్వాన్సు సాధారణంగా రెండు మూడు నెలల అద్దె అడుగుతారు, బెంగళూరులా పది నెలలది కాదు. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు మూడు సంగతులు తప్పక అడగండి. కార్పొరేషన్ నీళ్లు ఏ వేళకు, ఎంతసేపు వస్తాయి? బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయా? కరెంటు మీటరు మీద పాత బాకీ ఏమైనా ఉందా? రైవాడ, మేహాద్రిగెడ్డ, తాటిపూడి జలాశయాల నుంచి, ఏలేరు కాలువ నుంచి ఊరికి నీళ్లు వస్తాయి గాని, కుళాయి వదిలే వేళలు పేటకొక రకం. బీచ్‌కు దగ్గరయ్యే కొద్దీ బోరు నీటిలో ఉప్పు పెరుగుతుంది. గుక్కెడు పుక్కిలించి చూడండి, ఓనరు మాట మీద ఆధారపడకండి.

బీచ్ రోడ్డు అద్దెదారు

సముద్రం కనిపించే ఇంటి గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేను రాస్తున్నాను. నేను లాసన్స్ బే ఒడ్డున అయిదో అంతస్తులో ఉంటున్నాను. పొద్దున కిటికీ తెరిస్తే కనిపించే దృశ్యానికి నేను ఎవరికీ క్షమాపణ చెప్పను. అయితే ఆ దృశ్యంతోపాటు లోపలికి వచ్చేదేమిటో మీవారికి తెలియాలి. కిటికీ ఊచల మీద సాయంత్రానికి వేలితో గీత గీయగలిగినంత జిగురు ఉప్పు పేరుకుంటుంది. ఏసీ బయటి యూనిట్‌లోని సన్నని రేకులు ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతాయి. ఫ్రిజ్ అడుగున, వాషింగ్ మెషీన్ కాళ్ల దగ్గర, ఇనుప బీరువా తలుపు మడతల్లో మొదట గోధుమ రంగు చుక్కలు, తరువాత పొరలు. స్విచ్ బోర్డుల మరలకు కూడా తుప్పు. ఇవన్నీ తెలిసి, ఏడాదికి కొంత సొమ్ము తుప్పు ఖాతాలో రాసుకోగలిగితే తప్పక రండి. చిన్నపిల్లల ఇంట్లో బాల్కనీకి వల కూడా కట్టించాలి, ఆ వల తీగె కూడా నైలాన్‌దే పెట్టించండి.

బీచ్‌కు ఒక కిలోమీటరు లోపలికి, ఎదుట వేరే భవనాలున్న వీధిలో ఉంటే ఈ బాధ బాగా తగ్గుతుంది. సముద్రం ఎక్కడికీ పోదు. సాయంత్రం నడిచి వెళ్లి చూడవచ్చు.

లారీ లెక్కలు

సామాను విషయం నాకు వదిలేయండి, అది నా వృత్తి. గురుగ్రామ్ నుంచి విశాఖకు మీ ఒక్కరి సామానుతోనే వచ్చే లారీ ఒక పద్ధతి, మరి నలుగురి సామానుతో కలిపి తెచ్చేది మరో పద్ధతి. రెండోది చవక, కానీ దారిలో నాగపూర్‌లోనో రాయపూర్‌లోనో గోదాములో దింపి ఇంకో లారీకి ఎక్కిస్తారు. పగిలేవన్నీ ఆ దింపుడు ఎక్కింపుల్లోనే పగులుతాయి. చిన్నపిల్లలున్న ఇల్లు కనుక నా సలహా మొదటిదే, లేదంటే సామాను సగానికి తగ్గించడం. పాత ఫ్రిజ్, డెజర్ట్ కూలరు, గడ్డి నింపిన సోఫా అక్కడే అమ్మేయండి. గురుగ్రామ్ కూలరు ఇక్కడ ఎందుకూ కొరగాదు. గాలిలో తేమ లేని చోటనే అది చల్లబరచగలదు, ఇక్కడ ఉన్న తేమకు మరింత తేమ కలుపుతుంది.

వాడిన గృహోపకరణాలకు ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే పత్రం, అక్కర లేదు. చెక్‌పోస్టుల దగ్గర దాని పేరు చెప్పి ఎవరైనా అదనంగా అడిగితే ఇవ్వకండి. వస్తువుల జాబితా రెండు ప్రతులు, ప్రతి పెట్టె మీద అంకె, టీవీ, ఫ్రిజ్ వంటి వాటికి ఎక్కించే ముందు తీసిన ఫొటోలు ఉండాలి. లారీ బయలుదేరే ముందే డబ్బు మొత్తం చెల్లించమనే వారితో బేరం కుదుర్చుకోవద్దు. తక్కువ ధర చెప్పి సామాను చేతికి చిక్కాక ఊరి బయట లారీ ఆపి రెట్టింపు అడిగే ముఠాలున్నాయి. ఆఫీసు చిరునామాకు స్వయంగా వెళ్లి చూసి వచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి.

మరో మాట. మంచాలు విప్పినప్పుడు ఏ మంచం మరలు ఆ మంచానికే చిన్న సంచిలో వేసి, ఆ సంచిని ఆ మంచం పట్టెకే టేపుతో అంటించమని పనివాళ్లతో చెప్పండి. అన్ని మరలూ ఒకే డబ్బాలో వేస్తే ఇక్కడ మీ పరుపులు నెల రోజులు నేల మీదే ఉంటాయి.

వలసపిట్ట

ఎంత ఉపయోగకరంగా రాశారండి! కూలరు అమ్మకానికి పెట్టేశాను. మాకు హర్యానా రిజిస్ట్రేషన్‌తో ఒక కారు, ఒక స్కూటీ ఉన్నాయి. స్కూటీని రైల్లో వేయాలనుకుంటున్నాం. అలాగే గ్యాసు, ఆధార్ సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా?

కాగితాల పని

రైలు పార్సిల్ కార్యాలయంలో స్కూటీ ఇచ్చేటప్పుడు ట్యాంకులో పెట్రోలు చుక్క ఉండకూడదు; ఆర్‌సీ నకలు, గుర్తింపు కార్డు తీసుకెళ్లండి, హెడ్‌లైటు, హ్యాండిలు భాగాన్ని గోనెపట్టాతో బాగా చుట్టించండి. అద్దాలు ముందే విప్పి ఇంటి సామానులో వేసుకోవడం మంచిది.

రిజిస్ట్రేషన్ గురించి: వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచే బండికి మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం కొత్త నంబరు తీసుకోవాలి. దానికి మీ పాత ఆర్టీఓ నుంచి నిరభ్యంతర పత్రం, అంటే 28వ నమూనా పత్రం కావాలి. గురుగ్రామ్ వదిలే ముందే అది తీసుకోండి. చలానా బాకీలన్నీ కట్టి, కారు మీద అప్పుంటే బ్యాంకు సమ్మతి కూడా తెచ్చుకోండి. ఊరు మారాక దాని కోసం మళ్లీ అంత దూరం పోవడం చిరాకు. ఇక్కడ బండి వయసును బట్టి జీవితకాల పన్ను కట్టించుకుంటారు. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన భాగాన్ని వాపసు అడిగే వీలుంది గాని, ఆ సొమ్ము త్వరగా వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ఏపీ 31 మా ఊరి పాత గుర్తు. 2019 తరువాత రాష్ట్రమంతటికీ ఒకే వరుస, ఏపీ 39తో మొదలైంది. డ్రైవింగ్ లైసెన్సు దేశమంతటా చెల్లుతుంది, దాని గురించి కంగారు వద్దు.

గ్యాసుకు అక్కడి డీలరు దగ్గర సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి డిపాజిట్ వాపసు, బదిలీ వోచరు తీసుకోండి. ఇక్కడి డీలరుకు ఆ వోచరు ఇచ్చి, ఇప్పటి ధరకు డిపాజిట్ కడితే కనెక్షన్ ఇస్తారు. ఇంటి అద్దె ఒప్పందం చాలామంది పదకొండు నెలలకే రాసుకుంటారు, ఎందుకంటే ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గ్యాసు కనెక్షన్ మీ పేర తీసుకుంటే ఆ బిల్లు ఆధార్ చిరునామా మార్పుకు పనికి వస్తుంది. బాబుకు ఐదేళ్లు నిండాయన్నారు కదా, అతని ఆధార్‌కు ఇప్పుడు వేలిముద్రలు, కంటిపాప నమోదు చేయించాలి; ఐదు నుంచి ఏడేళ్ల లోపు చేయిస్తే రుసుము లేదు. ఓటు మార్చుకోవడానికి 8వ నమూనా దరఖాస్తు.

భోగాపురం ప్లాట్లు

కొత్త విమానాశ్రయం దగ్గర మంచి లేఅవుట్లు ఉన్నాయి, ఆసక్తి గలవారు సంప్రదించండి.

నిర్వాహకుడు

పై సభ్యుని ఫోన్ నంబరు తొలగించాను. ఇది అద్దె ఇంటి చర్చ. అమ్మకాలకు వేరే విభాగం ఉంది.

టీకాల అక్క

నేను పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. వలసపిట్ట గారూ, పిల్లల టీకాల కార్డును పెట్టెల్లో వేయకండి, చేతి సంచిలో పెట్టుకోండి. జాతీయ టీకాల పట్టిక దేశమంతటా ఒకటే గనుక ఏ రాష్ట్రంలో ఆపినా ఇక్కడ అక్కడి నుంచే కొనసాగిస్తాం. మళ్లీ మొదటి నుంచి వేయనవసరం లేదు. పాపకు 16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ మొదటి బూస్టరు, మీజిల్స్-రూబెల్లా రెండో మోతాదు, పోలియో బూస్టరు పడాలి. బాబుకు ఐదు నుంచి ఆరేళ్ల మధ్య డీపీటీ రెండో బూస్టరు. ప్రయాణానికి ముందు రోజు టీకా వేయించవద్దు. రైల్లో జ్వరం వస్తే మీకే ఇబ్బంది. ఇక్కడికి వచ్చి కుదుటపడ్డాక మీ పేట ఆశ కార్యకర్తకు చెప్పండి, ఆమెకు తెలిస్తే సగం పని అయినట్లే.

మొదటి వేసవిలో పిల్లలకు చెమటకాయలు వస్తాయి. పొడి గాలికి అలవాటు పడిన ఒంటికి ఇది సహజం. రెండు పూటలా స్నానం, పలుచని నూలు బట్టలు, మెడ మడతలు తడి లేకుండా తుడవడం చాలు. పౌడరు దట్టంగా పూయడం వల్ల మేలు లేదు. వానాకాలంలో దోమల సంగతి మాత్రం తేలికగా తీసుకోకండి. కూలరు అమ్మేశారు కాబట్టి ఒక దోమల తొట్టి తగ్గింది.

ఎంవీపీ పాతకాపు (మే)

ఒక చిన్న హెచ్చరిక. ఆషాఢం వచ్చే లోపే ఇంట్లో పాలు పొంగించుకోండి. మీకు పట్టింపు లేకపోయినా ఇల్లు అద్దెకిచ్చే వారికి ఉంటుంది. శూన్య మాసంలో గృహప్రవేశానికి తాళం చెవి ఇవ్వడానికి ఇక్కడ చాలామంది ఒప్పుకోరు. బళ్లు మూసే ఏప్రిల్, మే నెలల్లోనే ఇళ్లు ఖాళీ అవుతాయి, టు-లెట్ బోర్డులు కనిపించేది అప్పుడే. ఒకవేళ లారీ ఆలస్యమైతే ఆషాఢ పౌర్ణమి నాడు, దాని ముందు రోజు మాత్రం ఊళ్లోకి రానివ్వకండి. సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, ఎంవీపీ, వెంకోజీపాలెం, ఇసుకతోట, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా జనం కొండ చుట్టూ నడుస్తారు. మీరు చూస్తున్న వీధులన్నీ ఆ దారిలోనివే.

వలసపిట్ట (జూన్)

వచ్చేశాం. మీ అందరికీ కృతజ్ఞతలు చెప్పాలనే ఈ టపా. ఇసుకతోటలో రెండో అంతస్తులో ఇల్లు దొరికింది, లిఫ్టు ఉంది. బోరు నీళ్లు పుక్కిలించి చూశాను. ఓనరు గారు నన్ను వింతగా చూశారు గాని నీళ్లు బాగున్నాయి. మావారు, మా అత్తగారు, పిల్లలతో కలిసి ఢిల్లీలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఒక రాత్రి, ఒక పగలు, మళ్లీ ఒక రాత్రి రైల్లోనే గడిపాం. దిగగానే బాబు అన్న మొదటి మాట, నాకు చెమట పడుతోంది, కాని ఎండ లేదు కదా, అని. లారీ రాయపూర్, జయపురం, సాలూరు ఘాట్ మీదుగా మా తరువాత వచ్చింది. మరల సంచులు పట్టెలకే అంటుకుని ఉన్నాయి, ఆ రాత్రే మంచాల మీద పడుకున్నాం. లారీ లెక్కలు గారికి ప్రత్యేక నమస్కారాలు.

బాబును దగ్గర్లోని బడిలో యూకేజీలో చేర్చాం. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలన్నారు. సీబీఎస్ఈ బడి కావడంతో తరగతులు ఏప్రిల్‌లోనే మొదలయ్యాయి. ఇప్పుడు నా బెంగ వేరే. ఇంట్లో మాతో తెలుగే మాట్లాడే పిల్లవాడు బయటికి వెళ్తే హిందీలోకి మారిపోతున్నాడు. కింది ఇంటి పిల్లలు తెలుగులో పిలిస్తే హిందీలో జవాబిస్తున్నాడు, వాళ్లు నవ్వుతున్నారు, వీడు లోపలికి వచ్చేస్తున్నాడు.

మధురవాడ అమ్మ

మా అమ్మాయి మరాఠీతో వచ్చింది, ఇదే జరిగింది. దయచేసి తెలుగులో మాట్లాడు అని అందరి ముందూ దిద్దకండి. ఆటకు మాటలు పెద్దగా అక్కర లేదు. సాయంత్రం ఒక బంతి ఇచ్చి కిందికి పంపి, మీరు మెట్ల దగ్గర వాచ్‌మన్ భార్యతో కబుర్లు చెబుతూ కూర్చోండి. అత్తగారు ఉన్నారు కాబట్టి ఆవిడను కూడా కూర్చోబెట్టండి, ఆవిడ చుట్టూ పిల్లలు చేరతారు. ఈ ఊళ్లో నేవీ, రైల్వే కుటుంబాలు ఎక్కువ కాబట్టి తరగతిలో హిందీ పిల్లలు ఎలాగూ ఉంటారు, ఒంటరి అవడు.

బీచ్ రోడ్డు అద్దెదారు

పెట్టెలు విప్పారా? పుస్తకాల పెట్టె, తోలు చెప్పుల పెట్టె వెంటనే విప్పండి. అట్టపెట్టెలో మూసి గోడకు ఆనించి పెడితే వానలు మొదలైన కొద్ది వారాల్లోనే బూజు పడుతుంది. గోడకూ బీరువాకూ నడుమ జానెడు ఖాళీ ఉంచండి. ఉత్తరాది పొడి గాలిలో చేయించిన చెక్క సామాను ఇక్కడ తేమ పీల్చి ఉబ్బుతుంది. సొరుగులు బిగుసుకుంటే వడ్రంగితో వెంటనే చెక్కించేయకండి, శీతాకాలంలో మళ్లీ వదులవుతాయి.

వలసపిట్ట

పుస్తకాల పెట్టె ఇంకా మూసే ఉంది! ఇప్పుడే విప్పుతున్నాను. అలాగే మరో ప్రశ్న: రైతుబజారు పక్కన చేపలు ఇంత ప్రియంగా ఉన్నాయేమిటి? సముద్రపు ఊళ్లో చవక అనుకున్నాం.

కూర్మన్నపాలెం విశ్రాంత ఉద్యోగి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవలకు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం. నిషేధం ఎత్తేశాక కొన్నాళ్లు ఆగి, తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లండి. ఇక్కడ వంజరాన్ని కోనాం అంటారు. మొదటిసారి వెళ్లేటప్పుడు బేరం తెలిసిన పొరుగువారిని వెంటబెట్టుకోండి.

వలసపిట్ట (సెప్టెంబరు)

ఈ చర్చను మళ్లీ పైకి తెస్తున్నందుకు మన్నించండి. అత్తగారు ఊరికి వెళ్లారు, పాప క్రెష్‌లో కుదురుకుంది. క్రెష్ వారికి ఇచ్చిన మొదటి ఫోన్ నంబరు నాది కాదు, మావారి ఫ్యాక్టరీ రిసెప్షన్‌ది, రెండోది నాది. దీని మీద ఇంట్లో కొంత చర్చ జరిగింది గాని చివరికి అలాగే నిలిచింది. కదలవలసింది నేనే అయినా, కబురు ముందు ఆయనకు అందాలన్నది నా షరతు.

అక్టోబరు వస్తోందంటే పక్కింటివారు తుఫాను గురించే మాట్లాడుతున్నారు. మేము ఎప్పుడూ తుఫాను చూడలేదు. ఏమి సిద్ధం చేసుకోవాలి?

ఎంవీపీ పాతకాపు

ప్రతి తుఫానూ హుద్‌హుద్ కాదు, భయపడనవసరం లేదు. కానీ 2014 అక్టోబరు 12న దానిని చూసినవాళ్లం కాబట్టి మా మాటల్లో అది ఎప్పుడూ ఉంటుంది. ఆ రోజు కంటి ముందు చెట్లు వేళ్లతో సహా లేచాయి, తరువాత కొన్ని రోజుల పాటు కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే పై ట్యాంకులో నీళ్లు లేవు, లిఫ్టు లేదు, ఫోను ఛార్జింగ్ లేదు. కాబట్టి హెచ్చరిక రాగానే చేయవలసిన మొదటి పని, ఇంట్లో ఉన్న బకెట్లు, డ్రమ్ములు అన్నీ నింపడం. పాపకు పాలపొడి, డైపర్లు, జ్వరం మందు వారానికి సరిపడా. కొంత నగదు, ఎందుకంటే కార్డు యంత్రాలు పనిచేయవు. కారును చెట్టు కింద, ప్రకటనల హోర్డింగు కింద నిలపవద్దు. బాల్కనీలో పూలకుండీలు, బట్టల స్టాండు లోపలికి తెచ్చేయండి. గాలికి అవే ఎదుటి వాళ్ల అద్దాల్లోకి వెళ్తాయి. గాలి ఒక్కసారిగా ఆగితే అయిపోయిందనుకుని పిల్లలను బయటికి పంపకండి. తుఫాను కన్ను మన మీదుగా పోతుంటే కాసేపు అలా నిశ్చలంగా ఉండి, తరువాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది. కరెంటు ఫిర్యాదులకు 1912.

కిటికీల అద్దాలు గట్టిగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. హెచ్చరిక వచ్చాక ఊళ్లో ఏ పనివాడూ దొరకడు.

వలసపిట్ట

చూశాను. హాల్లో తూర్పు వైపు జరిపే కిటికీకి గొళ్లెం పడటం లేదు, పిల్లల గది కిటికీ రబ్బరు పట్టీ ఊడి వేలాడుతోంది. ఓనరు గారు సగం ఖర్చు భరిస్తామన్నారు. ఇసుకతోట, వెంకోజీపాలెం ప్రాంతంలో అల్యూమినియం కిటికీల పని బాగా చేసేవారు ఎవరైనా తెలిస్తే చెప్పగలరా? ఆదివారం అయితే మావారు ఇంట్లో ఉంటారు.

మధురవాడ అమ్మ

మా ఇంటికి వచ్చే అతను ఆ వైపు వాడే. నంబరు ఇక్కడ పెట్టకూడదు కాబట్టి మీకు విడిగా సందేశం పంపాను. కొలతలు ముందే ఫొటో తీసి పంపండి, రబ్బరు పట్టీ వెంట తెస్తాడు.